చప్పుడు చేస్తూ రమ్మన్న సారు

మా ఎఫెక్ట్స్ సారు ఇక లేరన్న మాట నాకు ఉదయం ఆరున్నరకు, పక్కనున్న పిండి గిర్ని మొదలుకాక ముందే తెలిసింది. ఫోన్ చేసినది వారి భార్య. ఆమెను నేను పెద్దమ్మ అని పిలుస్తాను. "సారు పోయిండు నాయనా. నిద్రల్నే పోయిండు" అని చెప్పి, ఆమె ఫోన్ పెట్టకుండా అలాగే ఉండిపోయింది. నేనూ పెట్టలేదు. అవతల ఎవరో బకెట్టు కింద దించారు. ఒక కోడి కూసింది. కొంటా రోడ్డు మీద ఒక లారీ ఎత్తు ఎక్కుతూ గేరు మార్చింది. సారు ఉండి ఉంటే ఆ మూడింటికీ మూడు పేర్లు పెట్టి భద్రపరచేవారు. ఆ రోజు వాటిని వినడానికి నేను ఒక్కడినే ఉన్నాను.

వారి పని ఏమిటో చాలామందికి తెలియదు కనుక ముందుగా అది చెప్పాలి. సినిమాలో ఒక మనిషి నడుస్తాడు. మనం వినే అడుగుల చప్పుడు చాలాసార్లు అతనిది కాదు. చిత్రీకరణలో మాటలు పట్టుబడతాయి గాని, తక్కిన చప్పుళ్ళు సరిగా పట్టుబడవు. తరువాత ఒక గదిలో, తెర ముందు, ఇంకొక మనిషి నిలబడి ఆ నడకకు తన కాళ్ళను, ఆ చీర చెరగుకు తన చేతిలోని గుడ్డను, ఆ తలుపుకు తన దగ్గరున్న పాత గడియను ఇస్తాడు. సారు హైదరాబాదు రికార్డింగు థియేటర్లలో ముప్పై ఏళ్ళు ఆ పని చేశారు. పెద్దమ్మ పుట్టిల్లు ఈ ఊరే, సరిహద్దుకు అవతల హిందీ బడులు నడిచే కొంటా. ఒంట్లో ఓపిక తగ్గాక ఇద్దరూ ఇక్కడికి వచ్చి, శబరి నదికి కొంచెం ఎగువన ఒక చిన్న పెంకుటిల్లు తీసుకున్నారు. ఊళ్ళోవారు 'సినిమా సారు' అని పిలిస్తే వారు ఒప్పుకునేవారు కాదు. "నన్ను సినిమాల ఎవడు చూసిండయ్యా? నా కాళ్ళను విన్నరు, అంతే" అనేవారు.

నా గురించి కూడా కొంత చెప్పక తప్పదు. సారును కలిసేనాటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. వేసవిలో తునికాకు కల్లంలో లెక్కలు రాసే మున్షీగా, మిగిలిన నెలలలో ఒక గోదాముకు కాపలాదారుగా ఉండేవాడిని. పదవ తరగతి, పన్నెండవ తరగతి రాత్రి బడిలో హిందీ మాధ్యమంలో చదివి ఉత్తీర్ణుడనయ్యాను. ఆపైన డిగ్రీ పట్టా కూడా అదే విధంగా సంపాదించాను. ఈ సంగతి గొప్ప కోసం చెప్పడం లేదని రాయబోయి ఆగాను. కొంత గొప్ప కోసమే చెబుతున్నాను. సారు దగ్గర నేను అబద్ధపు చప్పుళ్ళు చేయడం నేర్చుకున్నాను గాని, అబద్ధం రాయడం నేర్చుకోలేదు.

వారు మొదటిసారి గోదాముకు వచ్చి, పాడైపోయిన తునికాకు కట్టలు ఏమైనా ఉన్నాయా అని అడిగారు.

"అవి బీడీలకు పనికిరావు సారూ" అన్నాను.

"బీడీలకు కాదయ్యా మున్షీ. పిట్టలకు."

నాకు అర్థం కాలేదు. వారు రెండు ఎండు కట్టలను రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఛాతీకి ఎదురుగా ఒకదానితో ఒకటి రాసి, విదిలించి, దూరంగా తీసుకుపోయారు. నేను తలెత్తి గోదాము పైకప్పు వైపు చూశాను. అక్కడ పావురాలేవీ లేవు. ఉన్నవన్నీ లేచిపోయినట్టు నా చెవులకు నమ్మకంగా తెలిసింది. ఆ సాయంత్రమే నేను వారి ఇంటికి వెళ్ళి, ఈ విద్య నాకు నేర్పమని అడిగాను. కోర్సు ఎన్ని నెలలు, చివర సర్టిఫికెట్ ఇస్తారా అని కూడా అడిగాను. వారు ఒక పాత ప్లాస్టిక్ కవరును గుప్పిట్లో మెల్లగా నలిపి నా చెవి దగ్గర పెట్టారు. చలిమంట చిటపటలాడింది. "కాయితం గావాల్నా, మంట గావాల్నా?" అన్నారు. సర్టిఫికెట్ మాట నేను మళ్ళీ ఎత్తలేదు. వారు ఎన్నడూ ఇవ్వలేదు.

వారి ఇంటి వెనుక గది గోడలకు బొంతలు వేలాడేవి. నేల మీద చెక్క పెట్టెలు ఉండేవి. ఒకదానిలో ఇసుక, ఒకదానిలో ఎండుటాకులు, ఒకదానిలో తడి మట్టి. అలమరలో డబ్బాలు. ప్రతి డబ్బా మీద వారి చేతిరాతతో ఒక చీటీ: 'ఎముక విరుగుట', 'బురదలో నడక', 'పక్షులు లేచుట', 'పాత తలుపు, కోపంగా'. హిందీలో చదువుకున్న నేను నా మాతృభాష అక్షరాలను దిద్దుకున్నది ఆ చీటీల మీదనే. ఎముక విరిగే చప్పుడు ఎండిన కందికట్టెది. బురద నడక గింజ తీసిన చింతపండుది. గీదం సంత నుంచి తెచ్చిన మెత్తని పండును కొంచెం తడిపి, రెండు అరచేతుల మధ్య నొక్కితే చాలు. ఒకసారి ఒక కంప్యూటర్ ఆట కోసం రాక్షసి భోజనం చేసే చప్పుడు కావలసి వచ్చి, మేము ఇంట్లోని చింతపండంతా వాడేశాం. ఆ రోజు పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, "వంటింట్ల గరిటె కనబడదు, వచ్చి చూస్తే ఈడ కత్తియుద్ధం చేస్తాంటది. ఇయ్యాల పులుసు కూడ రాచ్చసే తాగిందా?" అన్నది. "గింజలు మిగిలినయే, వాటితో వాన కురిపిస్త" అన్నారు సారు. ఆమె నవ్వకుండా ఉండటానికి ప్రయత్నించి లోపలికి వెళ్ళిపోయింది.

పక్కన గిర్ని ఉండటం వలన మాకు పని చేసుకునే సమయం కరెంటు పోయినప్పుడే దొరికేది. ఊరంతా విసనకర్రలు వెతుక్కునే మధ్యాహ్నం వేళ సారు ముఖం వెలిగిపోయేది. గిర్ని ఆగుతుంది, కూలర్లు ఆగుతాయి, టీవీలు ఆగుతాయి. "దా మున్షీ, మన గంట గొట్టిన్రు" అని బ్యాటరీతో నడిచే రికార్డరు బయటకు తీసేవారు. అయితే వెంటనే పని మొదలుపెట్టనిచ్చేవారు కాదు. ముందు ఒక నిమిషం పాటు ఏమీ చేయకుండా నిలబడాలి. ఆ నిమిషాన్ని రికార్డు చేయాలి. దాని పేరు 'ఖాళీ'. ప్రతి చోటుకూ తనదైన ఖాళీ ఉంటుందని, దాని మీదనే మన చప్పుడు కూర్చుంటుందని, అది లేకపోతే ఎంత మంచి చప్పుడైనా అతికించినట్టే ఉంటుందని వారు చెప్పేవారు. చిన్నగా ఊపిరి పీల్చినా, "మళ్ళీ" అనేవారు.

ఇతర చప్పుళ్ళన్నీ నాకు త్వరగానే పట్టుబడ్డాయి. నడక ఒక్కటే పట్టుబడలేదు.

హైదరాబాదులో కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఒకరు, అడవిలో ఒక వేటగాడు నడిచే చప్పుడు కావాలని సారును అడిగారు. సారు ఆ పనిని నాకు అప్పగించారు. అడవి నాకు కొత్త కాదు. ఆత్మవిశ్వాసంతో ఆకుల పెట్టె మీద ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పది సార్లు నడిచాను. సారు హెడ్‌ఫోన్లు ఒక చెవి మీద నుంచి జరిపారు.

"ఏందయ్యా, నడిచినవా, నిలవడ్డవా?"

"నడిచిన సారూ."

"మీటరు ఇంత కూడ లేవలే."

మరొకసారి నడిచాను. మళ్ళీ అదే. నాకు కోపం వచ్చింది. మా వైపు మనుషులు అడవిలో ఇలాగే నడుస్తారని, చప్పుడు చేసుకుంటూ నడిచేవాడు వేటగాడు కాదని, పట్నంలో కూర్చున్నవారికి ఇది తెలియకపోవడం నా తప్పు కాదని చెప్పాను. ఒకింత గట్టిగానే చెప్పాను.

వారు శాంతంగా విన్నారు. "నువ్వు చెప్పేది అడవికి తెలుసయ్యా. వినేటోనికి తెల్వదు" అన్నారు. తరువాత నా పాదాలను చూస్తూ, "అయినా నువ్వు వేటగాని లెక్క నడుస్తలేవు. దాక్కునేటోని లెక్క నడుస్తున్నవ్. ఎవల కోసం?" అన్నారు.

చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాను. వారం రోజులు వారి ఇంటి వైపు రాలేదు.

సారు ప్రశ్నకు జవాబు ఇది. మా ఊరు గొల్లపల్లికి లోపలి వైపు, అడవిలో. మా ఊరు ఖాళీ అయిన సంవత్సరం నేను ఇరవై ఎనిమిదేళ్ళవాడిని. ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో ఈ ప్రాంతంలో ఎవరూ ఎవరినీ అడగరు. నేనూ ఇక్కడ రాయను. ఒక పగటిపూట మేము పదకొండు మందిమి వరుసగా బయలుదేరాం. ముందు నడిచే పెద్దాయన చెప్పినది ఒకే మాట: ఆకు పలకకూడదు. ముందు వేళ్ళు ఆనించి, కింద ఏముందో తెలుసుకుని, ఆ తరువాతనే బరువు మోపాలి. మా అమ్మ నా ముందు. మా నాన్న జ్వరంతో నా వెనుక. సూర్యుడు వాలేవరకు అలా నడిచాం. ఒక వాగు దగ్గర నీళ్ళు తాగడానికి ఆగి వెనక్కి తిరిగితే, మా నాన్న లేడు. ఎక్కడ ఆగిపోయాడో నాకు తెలియదు. అందరమూ చప్పుడు లేకుండా నడుస్తున్నప్పుడు, ఒకరు తగ్గితే ఆ తగ్గడం కూడా వినిపించదు.

మూడవ రోజున, మా తరువాత వచ్చినవారు ఆయనను మోసుకుని తెచ్చారు. నాలుగు నెలలు బతికాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఒకసారి మాత్రం, నేను అడగకుండానే, "పిలుద్దామనుకున్న బిడ్డా. పలకొద్దన్నరు గదా" అన్నాడు.

వారం తరువాత వెళ్ళి ఈ సంగతి సారుకు చెప్పాను. అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. ఓదార్పుగా ఏమైనా అంటారని భయపడ్డాను. కరెంటు వచ్చి, గిర్ని మొదలైంది. ఆ రొదలోనే నా వైపు వంగి, "చప్పుడంటే ఏందనుకున్నవ్? ఒక మనిషి ఈడున్నడని ఇంకొక మనిషికి తెలిసుడు. అంతకన్న ఏం లేదు. మడమ ముందు పెట్టు" అన్నారు.

నలభై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి నడక నేర్చుకోవడం ఎంత కష్టమో నడక వచ్చినవారికి తెలియదు. మడమ ముందు పెట్టాలి. బరువు దించాలి. తరువాత వేళ్ళు. రాత్రి పడుకుంటే పిక్కలు లాగేవి. సారు తమ వాకిట్లో గేటు నుంచి అరుగు దాకా శబరి గులకరాళ్ళు మందంగా పోయించారు. రికార్డింగు కోసమని అందరికీ చెప్పారు. నిజానికి అది నా కోసమని పెద్దమ్మ తరువాత చెప్పింది. ఆ రాళ్ళ మీద నేను సరిగా నడిచిన రోజున, వారు లోపలి నుంచి స్టీలు గ్లాసును చెంచాతో రెండుసార్లు కొట్టారు. అదే నా సర్టిఫికెట్ అని ఇప్పుడు నాకు తోస్తుంది. అప్పుడు అలా తోచలేదు.

ఆ తరువాత ఈ పదేళ్ళలో నా కాళ్ళు చాలామంది కోసం నడిచాయి. సిపాయిల కోసం, గర్భిణుల కోసం, ఒక ముసలి రాజు కోసం, పేరు లేని దయ్యం కోసం కూడా. దయ్యానికి అడుగులు ఉండవు కదా సారూ అంటే, "మరి అది వస్తున్నట్టు ఎట్ల తెలుస్తది? పాపం, దానికి మాత్రం తెలియజెయ్యాలని ఉండదా?" అన్నారు. అప్పుడు నవ్వాను.

క్రితం ఏడాది నుంచి వారి ఊపిరితిత్తులు మొరాయించసాగాయి. మంచం లోపలి గదిలోకి మారింది. అక్కడి నుంచి వాకిలి కనిపించదు. మాట్లాడితే ఆయాసం. అందువలన మంచం పక్కన స్టూలు మీద గ్లాసు, అందులో చెంచా పెట్టుకున్నారు. ఒక దెబ్బ కొడితే పెద్దమ్మ రావాలి. రెండు దెబ్బలు నాకు. నేను గేటు దాటి రాళ్ళ మీద నాలుగు అడుగులు వేయగానే లోపల రెండు దెబ్బలు వినిపించేవి. పాలవాడు వస్తే కొట్టేవారు కాదు. డాక్టరు వస్తే కొట్టేవారు కాదు. ఒకసారి పరీక్షించాలని మా తోడల్లుడిని నా చెప్పులతో నడిపించాను. గ్లాసు పలకలేదు. వెనుక నేను నడవగానే పలికింది. లోపలికి వెళ్ళాక, "నన్నే పరీచ్చ జేస్తున్నవా మున్షీ?" అన్నారు, ఒక్కొక్క మాటకు మధ్య ఊపిరి తీసుకుంటూ. "ఒక్కటి మాత్రం యాదికుంచుకో. నేను పండుకున్నట్టున్నా సరే, చప్పుడు చేసుకుంటనే రా. నువ్వు వచ్చినట్టు నాకు తెలువాలె."

వస్తానని మాట ఇచ్చాను.

ఇక రాయవలసినది ఒకటే మిగిలింది. ఈ వ్యాసం మొదలుపెట్టినది దాని కోసమే.

వారు పోవడానికి ముందు రోజు సంతలో పెద్దమ్మ నాకు కనిపించింది. మూడు రోజులుగా సారుకు కన్ను మూతపడటం లేదని, ఈ పూటైనా కాస్త నిద్రపడితే బాగుండునని చెప్పింది. నేను బత్తాయిలు కొన్నాను. నాలుగు గంటలకు వారి గేటు దగ్గరికి వెళ్ళాను. కరెంటు లేదు. గిర్ని ఆగి ఉంది. ఊరు చాలా నెమ్మదిగా ఉంది. నిద్రపట్టి ఉంటుందనుకున్నాను. చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాను. వేళ్ళు ముందు ఆనించి, కింద రాయి ఎటు ఒరుగుతుందో తెలుసుకుని, ఆ తరువాత బరువు మోపి, గేటు నుంచి అరుగు దాకా నడిచాను. ఒక్క రాయి కూడా పలకలేదు. ఇంకా నా కాళ్ళకు ఈ విద్య ఉన్నదని ఒక క్షణం గర్వపడ్డాను. ఆ గర్వాన్ని కూడా ఇక్కడ దాచడం లేదు.

అరుగు మీద నిలబడి విన్నాను. లోపల ఊపిరి నెమ్మదిగా, సమంగా వినిపించింది. నిద్రే అనుకున్నాను. బత్తాయిల సంచిని అరుగు గోడ మీద పెట్టి, వచ్చినట్టే వెళ్ళిపోయాను.

మరునాటి ఉదయం ఫోన్ వచ్చింది. నేను వెళ్ళేసరికి సారును వాకిట్లో పడుకోబెట్టారు. జనం రాళ్ళ మీద అటూ ఇటూ నడుస్తున్నారు. ఎంతమంది నడుస్తున్నారో అంత చప్పుడు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, ఎవరికో చెప్పుకుంటున్నట్టు చెప్పింది. "నిన్న పగలంత మేల్కొనే ఉన్నడు నాయనా. ఊపిరి బిగవట్టి వింటనే ఉన్నడు. దీపం వెట్టేటాల్లకు, 'ఇయ్యాల మున్షీ రాలేదా?' అన్నడు. రాలే, ఏం పని తగిలిందో అన్న. 'వస్తడు, చప్పుడైతది' అన్నడు. చెంచా ఇడువలే. పొద్దుగాల జూస్తే చేతిల్నే ఉన్నది."

పాడె మోశాను. శబరి ఒడ్డున నా వంతు చేయవలసినవన్నీ చేశాను. అరుగు గోడ మీద ఆ సంచి అలాగే ఉంది. ఎవరో పెట్టి వెళ్ళారని పెద్దమ్మ వాటిని వచ్చినవారి పిల్లలకు పంచిపెట్టింది.

పది రోజులు నా ఇంట్లో నా నడక నాకే భరింపరానిదైంది. మడమ ముందు పెడితే సారు గుర్తుకు వచ్చేవారు. వేళ్ళు ముందు పెడితే నాన్న. రికార్డరు తెరిచి పాత 'ఖాళీ'లను విన్నాను. వారి వెనుక గది ఖాళీ, గోదాము ఖాళీ, వాకిలి ఖాళీ. ఒక్కదానిలోనూ వారి ఊపిరి లేదు. అంత జాగ్రత్తగా బిగపట్టేవారు. నేను అరుగు మీద నిలబడి విన్న ఊపిరి నెమ్మదిగా, సమంగా ఎందుకున్నదో అప్పుడు తెలిసింది. రాళ్ళ మీద చప్పుడు ఎక్కడ మొదలవుతుందోనని, ఆయాసాన్ని అదుపులో పెట్టుకుని, వారు వింటున్నారు. ఇటు నేను వారిని వింటున్నాను. మధ్యలో ఒక గోడ.

పదకొండవ రోజు కర్మలు ముగిసి, చుట్టాలు వెళ్ళిపోయాక, పెద్దమ్మ ఎదుట కూర్చుని చెప్పాను. "ఆ రోజు నేనొచ్చిన పెద్దమ్మా. నాలుగింటికి. పండుకున్నడనుకొని చప్పుడు జెయ్యలే."

తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"బత్తాయిలు నీవేనా?" అన్నది.

"నావే."

"తియ్యగున్నయన్నరు పిల్లలు."

తరువాత లేచి, లోపలి గదిలోకి వెళ్ళి, మంచం పక్కన నేల మీద కూర్చున్నది. మంచం మీద పరుపు లేదు. స్టూలు, గ్లాసు, చెంచా తీయలేదు. అక్కడి నుంచే, గొంతు పెంచకుండా, "గేటు కాడికి వోయి నడుసుకుంట రా నాయనా. ఆ దినం నడువవల్సినట్టు రా" అన్నది.

బయటికి వెళ్ళాను. చెప్పులు తొడుక్కున్నాను. గేటు వేసి, మళ్ళీ తీశాను. మడమ ముందు పెట్టాను. రాళ్ళు పలికాయి. రెండవ అడుగు, మూడవ అడుగు, నాలుగవ అడుగు. ప్రతి రోజూ గ్లాసు మోగే చోటు దాటిపోయింది. ఆగకుండా అరుగు దాటి, లోపలి గది గడప దగ్గర నిలబడ్డాను. నా వెనుక వాకిట్లో, తొక్కిన రాళ్ళు ఒకదాని మీదికి ఒకటి జారి సర్దుకుంటున్నాయి. చివరి రాయి కూడా ఆగింది. గిర్ని నడవడం లేదు. రోడ్డు మీద లారీ లేదు. వారు నేర్పినట్టు ఊపిరి బిగపట్టి నిలబడ్డాను. లోపల పెద్దమ్మ కూడా ఊపిరి బిగపట్టే ఉన్నది. ఆమె చెయ్యి స్టూలుకు జానెడు దూరంలో, ఒడిలో ఉంది. గ్లాసులో చెంచా ఒక పక్కకు ఒరిగి, అలాగే ఉంది.